ముప్పై ఆరు ఓమ్‌లకు రవ్వంత తక్కువ

పొద్దున్న ఎనిమిదీ నలభైకి బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పచ్చబడింది. ముందు వరసలో ఉన్న స్కూటర్ మాత్రం కదల్లేదు.

వెనకాల సిటీ బస్సు డ్రైవర్ మూడుసార్లు హారన్ కొట్టాడు. పక్కనున్న ఆటో అతను తల బయటపెట్టి, "ఏంటి పెద్దాయనా, నిద్రపోతన్నావా?" అన్నాడు. స్కూటర్ మీది మనిషి తల మెల్లగా ముందుకు వాలి హ్యాండిల్‌కి తగిలింది. మెడ మీద, చొక్కా కాలర్‌కి అంగుళం పైన, దోమ కుట్టినంత ఎర్రచుక్క ఉంది. ఎర్రలైటు దగ్గర అతని పక్కనే ఆగిన నల్లబైకు అప్పటికే బందరు రోడ్డెక్కి పోయింది. ఆ ట్రాఫిక్‌లో మనిషిని చంపి అంత తొందరగా బయటపడ్డాడంటే హంతకుడు ఊరివాడే అయ్యుండాలి.

చనిపోయినాయన పేరు జాన్సన్. అరవై ఒక్కేళ్లు. కరెంటు ఆఫీసులో మీటర్లు చూసి రిటైరయ్యాడని ఇంట్లో వాళ్లకీ చర్చిలో వాళ్లకీ తెలుసు. రిటైరయ్యాక కూడా మీటర్లే చూస్తున్నాడనీ, అదీ దేశం కోసమనీ ఊళ్లో ఇద్దరికే తెలుసు.

ఆ ఇద్దరూ తొమ్మిదింపావుకి పటమటలో కలిశారు.

*

అదొక మోటార్ వైండింగ్ షాపు. ముందు కాలిపోయిన మోటార్లు, రాగితీగ చుట్టలు, వార్నిష్ వాసన. వెనక ఇనుప మెట్లు. మెట్ల దగ్గర తీగ చుడుతున్న మనిషి తలెత్తకుండా అడిగాడు.

"మోటారు కాలిందా?"

"కాలలేదు. వేడెక్కింది," అన్నాడు జయపాల్.

"పైకెళ్లండి."

జయపాల్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. యూనిట్‌లో కోడ్ నేమ్ ఫేజ్. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి గూఢచారి అయ్యాడు. అందగాడేం కాదు. గుంపులో నిలబడితే కన్నతల్లి కూడా రెండుసార్లు వెతుక్కోవాలి. ఈ ఉద్యోగానికి అదే పెద్ద క్వాలిఫికేషన్.

పైగదిలో చీఫ్ సాంబశివరావు కిటికీ మూసి కూర్చున్నాడు. ఆయన ఎంత ఘోరమైన సంగతైనా హాజరుపట్టీ చదివే గొంతుతోనే చెబుతాడు.

"కోడ్ నేమ్ ఎర్త్. ఎనిమిదీ నలభైకి పోయాడు. పాయిజన్ డార్ట్. జేబులో ఇదొక్కటే దొరికింది. కూర్చోవయ్యా."

ఆదివారం ఆరాధన కరపత్రం. దాని వెనక జాన్సన్ పెన్సిల్‌తో రాసుకున్న మూడు లైన్లు.

230 — 6.4
90, 40, 60
ఉదయం 5.30. పదకొండు రోజులూ ఇంతే.

"కోడ్‌లు విప్పే సైఫర్ సెక్షన్‌కి ఫోటో పంపా. బైబిల్లో అధ్యాయాలూ వచనాలూ అనుకుని వెతుకుతున్నారు," అన్నాడు చీఫ్.

"వెతకొద్దని చెప్పండి సర్. ఇది వోల్టేజి, ఇది కరెంటు. ఏదో ఇంటి సర్వీస్ వైరుకి క్లాంప్ మీటర్ పెట్టి చూశాడు. రెండొందల ముప్పై వోల్టుల్ని ఆరు పాయింట్ నాలుగు ఆంపియర్లతో భాగిస్తే ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది. అంటే ముప్పై ఆరు ఓమ్‌లకు రవ్వంత తక్కువ. అది ఆ వస్తువు రెసిస్టెన్స్. రెంటినీ గుణిస్తే పద్నాలుగు వందల డెబ్బై రెండు వాట్లు. అది పవర్. టీ పెట్టుకునే ఎలక్ట్రిక్ కెటిల్ సర్."

"ఇస్త్రీపెట్టె కాకూడదా? గీజర్?"

"ఇస్త్రీపెట్టె వెయ్యి దాటదు. గీజర్ రెండు వేలు లాగుతుంది. ఇది పదిహేను వందల వాట్ల కెటిల్."

"ఇప్పుడేగా పద్నాలుగు వందల డెబ్బై రెండన్నావ్?"

"డబ్బా మీద రాసేది పదిహేను వందలు సర్. లాగేది ఇదీ. డబ్బా మీదది నమ్మకు, మీటర్ చెప్పిందే రాయి అనేవారు మా మాస్టారు."

మాస్టారంటే ఏసుపాదం. ఐటీఐలో జయపాల్‌కి పాఠం చెప్పాడు, తర్వాత పిల్లనిచ్చాడు. ఆరేళ్ల క్రితం పోయాడు. ఆయన కూతురు కృప కూడా ఇదే యూనిట్‌లో ఏజెంట్‌గా పనిచేసింది. కోడ్ నేమ్ న్యూట్రల్. రెండేళ్ల క్రితం హంసలదీవి దగ్గర సముద్రంలో పడవ మునిగి పోయిందని కబురొచ్చింది. శవం దొరకలేదు. పెట్టెలో ఆమె తెల్లటి పెళ్లిచీర పెట్టి పాతిపెట్టారు.

జయపాల్ రెండో లైను చూశాడు. 90, 40, 60.

పెళ్లైన కొత్తలో వాళ్లు ఇదే పటమటలో ఒక పాత పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లు. ఆ వైరింగ్‌కి కెటిల్ పెడితే రెండు నిమిషాల్లో ఫ్యూజు పోయేది. ఓనర్ వైరింగ్ మార్చనన్నాడు. కృప టీ మాననంది. మధ్యలో మాస్టారు వచ్చి రాజీ కుదిర్చాడు. తొంభై సెకన్లు వెయ్యి, నలభై సెకన్లు ఆపు, ఈలోపు ఫ్యూజు తీగ చల్లారుతుంది, మళ్లీ అరవై సెకన్లు వెయ్యి అన్నాడు. నాలుగేళ్లపాటు పొద్దున్నే ఐదున్నరకి జయపాల్ కళ్లు తెరిచేసరికి వంటింట్లో స్విచ్ మూడుసార్లు టక్కుమనేది. ఇలా టీ పెట్టే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

అతను కాగితం బల్లమీద పెట్టాడు.

"ఈ ఇంట్లో ఎవరుంటారు సర్?"

"శ్రీచరణ్ అని, రొయ్యల ఎక్స్‌పోర్టర్. అది పైకి చెప్పుకోడానికి. విదేశీ గూఢచారుల రింగుకి ఇక్కడి మనిషి. పక్కన క్రిస్టినా అనే ఆవిడ."

"కృప బతికే ఉంది కదా సర్."

చీఫ్ మంచినీళ్ల గ్లాసు జయపాల్ వైపు జరిపాడు. ఆయన జీవితంలో ఎవరికీ చేయని మర్యాద అది.

"ఉంది. డీప్ కవర్, పేరు మార్చి రింగులో చేర్చాం. చచ్చిపోయిందని రింగు నమ్మాలంటే ముందు నువ్వు నమ్మాలి. ఎనిమిది నెలలు మెసేజ్‌లొచ్చాయి. తర్వాత పదహారు నెలలుగా ఏమీ లేదు. పార్టీ మారిందని పైవాళ్లు తేల్చేశారు. ఎదురుపడితే కాల్చమని ఆర్డర్."

జయపాల్‌కి ముందు సంతోషం వేసింది. దాని వెనకే ఒళ్లు మండింది. రెండేళ్లుగా ప్రతి సమాధుల పండక్కీ అత్తగారి చెయ్యి పట్టుకుని ఆ రాయికి సున్నం వేయించి, కొవ్వొత్తి వెలిగించి, ఖాళీ పెట్టె ముందు మోకరించాడు. ఆ పెట్టె ఖాళీదని ఈయనకి తెలుసు. ఈయన పూలదండ కూడా పంపాడు.

"మీరేమంటారు సర్? మారిందా?"

"నేను ఆర్డర్ చదువుతానయ్యా. అనడం నా పని కాదు." చీఫ్ మ్యాప్ విప్పాడు. "టార్గెట్ ఇబ్రహీంపట్నం పక్కన, ఊళ్లకి కరెంటు పంచే స్విచ్‌యార్డ్. దాన్ని నడిపే రిలే రూమ్‌లో బాంబు పెడతారు. బాక్సు ఎక్కడ దాచారో తెలియదు, ఏ రోజు, ఎన్నింటికో తెలియదు. శ్రీచరణ్ ఇంట్లోకెళ్లి మీటర్ బోర్డుకి క్లిప్ తగిలించి రా. నీ పెళ్లాన్ని పలకరించొద్దు."

*

మర్నాడు పదింటికి ఖాకీ చొక్కా, చంకలో ఫైలు, మెళ్లో ట్యాగుతో ఒక కరెంటు మనిషి శ్రీచరణ్ ఇంటి బెల్లు కొట్టాడు. పైపెదవి మీద మీసం అతికించినది. నుదుటి మీద చెమట మాత్రం సొంతం.

"లోడ్ చెకింగ్ అండీ. అయిదు నిమిషాలు."

శ్రీచరణ్‌కి నలభై ఉంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నవ్వు మొహం. "రండి రండి, పాపం ఎండలో తిరుగుతారు మీరు," అన్నాడు. ఇంత మర్యాదస్తుడు నిన్న బెంజ్ సర్కిల్‌లో మనిషిని చంపించాడంటే ఎవరూ నమ్మరు.

మీటర్ బోర్డు వంటింటి గుమ్మం పక్కనే ఉంది. జయపాల్ మూత తీసి, సర్వీస్ వైరుకి శనగగింజంత క్లిప్ తగిలించాడు. ఇక ఆ ఇంట్లో ఎవరు ఏ స్విచ్ వేసినా ఎన్ని ఆంపియర్లో అతని ఫోన్‌లో పడుతుంది.

అప్పుడు వెనకనుంచి సెంటు వాసన వచ్చింది.

క్రిస్టినా మెడదాకా కత్తిరించిన జుట్టుతో, ముదురు ఎరుపు గోళ్లతో, పొద్దున్న పదింటికే పట్టుచీరలో ఉంది. తెచ్చిన చీరలన్నీ ఒకే రంగని అతనితో గొడవపడే కృప కాదు ఈమె. జయపాల్ మొహం చూడకుండా చేతులు చూశాడు. ఎడమ బొటనవేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చ అలాగే ఉంది. పదిహేడేళ్లప్పుడు వాళ్ల నాన్న బెంచీ దగ్గర కాల్చుకుంది. ఆ రోజు ఆ వేలికి నీళ్లు పోసింది జయపాలే.

"కరెంటాయనకి టీ ఇవ్వకుండా పంపిస్తామా," అంది ఆమె శ్రీచరణ్‌తో. కెటిల్ టక్కుమంది. తొంభై సెకన్లకి ఆగింది. మళ్లీ టక్కుమంది. జయపాల్ ఫైలులో ఏదో రాస్తున్నట్టు నటించాడు. రాసింది ఏ భాషో అతనికే తెలియదు.

ఆమె రెండు కప్పులు పట్టుకొచ్చింది. పంచదార డబ్బా శ్రీచరణ్ ముందు పెట్టి, ఒక కప్పు జయపాల్ చేతికిచ్చింది. వేళ్లు తగల్లేదు.

"ఈ కెటిల్ వల్లేనా అండీ బిల్లు ఎక్కువొస్తంది? ఎంత లాగుతుందిది?"

"ఆరు పాయింట్ నాలుగు ఆంపియర్లు మేడమ్."

"అంటే ఓమ్‌లెన్ని?"

శ్రీచరణ్ నవ్వాడు. "నీకెందుకు క్రిస్టినా ఓమ్‌లు?"

"ఊరికే. మా నాన్న అడుగుతుండేవాడు."

"ముప్పై ఆరుకి రవ్వంత తక్కువ మేడమ్," అన్నాడు జయపాల్. టీ మొత్తం తాగేశాడు.

"గుర్తు పెట్టుకోండి. నాకు లెక్కలు నిలవవు," అంది ఆమె. కప్పు తీసుకుని లోపలికెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

శ్రీచరణ్ గేటుదాకా వచ్చి సాగనంపాడు.

*

పటమట రైతుబజారు దాటాక జయపాల్ బండి ఆపేశాడు.

పంచదార.

ఆమె అడగలేదు. కృష్ణా జిల్లాలో ఏ ఇల్లాలైనా కొత్త మనిషికి టీ ఇచ్చేటప్పుడు పంచదార ఎంతండీ అని అడుగుతుంది. కృప అడగకుండా చేతికిచ్చింది, ఎందుకంటే అతను చప్పటి టీ తాగుతాడని ఆమెకి తెలుసు. అది ఆమె పొరపాటు. అంతకన్నా పెద్ద పొరపాటు అతనిది. పంచదార లేని టీ ఇస్తే ఏ కరెంటు మనిషైనా ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తాడు, ఆ డబ్బా ఇటిస్తారా అంటాడు. తను ఇంట్లో తాగినట్టు అడుగంటా తాగాడు. శ్రీచరణ్ చేతిలో స్పూను అంతసేపూ తిరుగుతూనే ఉంది. కళ్లు మాత్రం తిరగలేదు.

రెండేళ్ల ట్రైనింగు, అతికించిన మీసం, నకిలీ ట్యాగు, అన్నీ ఒక కప్పు టీలో మునిగిపోయాయి.

"ఇప్పుడే రెయిడ్ చేద్దాం సర్," అన్నాడు ఫోన్‌లో.

"బాక్సు ఎక్కడుందో తెలియకుండానా? మనం అటు తిరిగేసరికి ఇంకొకడు బిగిస్తాడు. దాన్ని పూర్తిచేసే చెయ్యి ఆమెదే. పూర్తయ్యేదాకా ఆమెనేం చెయ్యరు. ఆగు."

పూర్తయ్యాక ఏం చేస్తారో చీఫ్ చెప్పలేదు. జయపాల్ అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి ఫోన్‌లో రీడింగులు కదిలాయి. ఆరు పాయింట్ నాలుగు. సున్నా. ఆరు పాయింట్ నాలుగు. సున్నా. మూడేసి సెకన్ల చొప్పున ఏడుసార్లు. మూడు సెకన్లలో నీళ్లు గోరువెచ్చన కూడా కావు.

"ఏడు," అన్నాడు జయపాల్ చీఫ్‌తో. "రేపు పొద్దున్న ఏడింటికి. స్విచ్‌యార్డ్‌లో షిఫ్టు మారేది అప్పుడే. రెండు షిఫ్టుల వాళ్లూ ఒకేచోట ఉంటారు."

"స్విచ్ సరిగా పడక ఏడుసార్లు నొక్కిందేమో."

"ఆమె నాన్న ఏసుపాదం మాస్టారండీ. స్విచ్ పడకపోతే విప్పి బాగుచేస్తుంది గానీ ఏడుసార్లు నొక్కదు."

చీఫ్, "ఆర్డర్ కాగితం నా దగ్గరే ఉంటుంది. నీకింకా అందలేదనుకో," అన్నాడు. అంతకన్నా మెత్తగా మాట్లాడటం ఆయనకి చేతకాదు.

మర్నాడు ఐదున్నరకి జయపాల్ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఐదూ ముప్పై ఒకటి. ఐదూ ముప్పై అయిదు. ఫ్రిజ్ ఒక్కటే లాగుతోంది. కెటిల్ పెట్టలేదు.

*

ఆరూ నలభై తొమ్మిదికి స్విచ్‌యార్డ్ రిలే రూమ్ వెనక తలుపు తీసుకుని కాంట్రాక్టర్ హెల్మెట్‌తో ఒక మనిషి బయటికొచ్చాడు. ఎదురుగా జయపాల్ ఉన్నాడు.

శ్రీచరణ్ నవ్వాడు. "మీటర్ చూసే తమ్ముడూ. టీలో పంచదార సరిపోయిందా?"

జయపాల్‌కి అర్థమైపోయింది. ఇద్దరూ ఒకేసారి పిస్టల్ తీశారు. శ్రీచరణ్ గుండు గోడకి తగిలి పెచ్చు లేచింది. జయపాల్ గుండు గోడకి తగల్లేదు.

లోపల, వరసగా నిలబెట్టిన ప్యానెళ్ల మధ్య, కృప నేలమీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి పొట్టమీద నొక్కిపట్టుకుంది. వేళ్ల మధ్యనుంచి రక్తం కారుతోంది. ఖాకీ కోటు, హెల్మెట్, పక్కన ఒక బ్యాగు. గోళ్ల రంగు ఒక్కటే క్రిస్టినాది.

"వచ్చావా," అంది. "నిన్నటి మీసం బాలేదు జయా."

అతను ఆమె పక్కన కూలబడి గాయం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తోసేసింది.

"నన్ను తర్వాత చూడు. అది చూడు."

ప్యానెల్ కింద షూబాక్సంత ఇనప డబ్బా. దాని మీద గడియారం, పచ్చలైటు. డబ్బాలోంచి ఒక తీగ బయటికొచ్చి, ప్యానెల్ ఫ్రేమ్‌ని చుట్టి, మళ్లీ డబ్బాలోకే పోయింది. ఆరూ యాభై రెండు. గోడ అవతల క్యాంటీన్‌లో రెండు షిఫ్టుల వాళ్లూ టిఫిన్ల దగ్గరున్నారు. చీఫ్ వాళ్లని బయటికి తోలుతున్నాడు గానీ, ఇడ్లీ ప్లేటు ముందున్న మనిషిని లేపడం అంత సులువు కాదు.

"డబ్బా ఎత్తుకెళ్లి కాలవలో పడెయ్యాలి," అంది కృప. ఊపిరి అందడం లేదు. "కానీ ఆ తీగ దీన్ని ఇక్కడ కట్టేసింది. తీగ తెగినా పేలుతుంది. అడ్డదారిన కలిపినా పేలుతుంది. అందులో పోయే కరెంటు మారకూడదు. మారితే, ఒక సెకను ఆగి చూసి అప్పుడు పేలుతుంది. ఆ సెకను నేనే పెట్టా. వాళ్లకి చెప్పలేదు."

"అంటే అదే రెసిస్టెన్స్ ఇంకోటి పెట్టి, ఆ సెకనులో తీగ కత్తిరించాలి."

"నాన్న ఉంటే నీకు నూటికి తొంభై వేసేవాడు. రీడింగ్ తియ్యి. ముందు వోల్టు."

ఆమె డబ్బా మీద రెండు పిన్నులు బయటికి వదిలింది. టెస్ట్ పాయింట్ లేకుండా బాంబు కూడా చెయ్యదు ఏసుపాదం కూతురు. జయపాల్ మీటర్ పెట్టాడు.

"పన్నెండు."

"ఆంపియర్?"

ఉంగరంలా కనిపించే క్లాంప్‌ని తీగ చుట్టూ మూశాడు. "పాయింట్ మూడు మూడు నాలుగు."

"భాగించు."

భాగించాడు. ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ముప్పై ఆరుకి..." అన్నాడు.

"రవ్వంత తక్కువ," అంది ఆమె.

తీరుబడిగా ఏడవడానికి అది టైము కాదు. అతను కిట్‌లోంచి బియ్యపుగింజంత రెసిస్టర్ తీశాడు. ముప్పై ఆరు ఓమ్‌లు. క్లిప్పులు అందుకోబోయాడు.

"ఆగు. వాట్లు చూశావా?"

గుణించాడు. నాలుగు వాట్లు. చేతిలోది పావు వాటుది. ఓమ్‌లు సరిపోతాయి గానీ గేటు దాటకముందే మాడి తెగిపోతుంది. ఐటీఐలో కూడా ప్రతిసారీ ఇక్కడే తప్పేవాడు. భాగించి లేచిపోయేవాడు, గుణించేవాడు కాదు.

"నాలుగు వాట్లు మోసేది నా దగ్గర లేదు కృపా."

"బ్యాగులో ఉంది."

బ్యాగు తీశాడు. కెటిల్. అంచు దగ్గర చిన్న సొట్ట, పిడికి చుట్టిన నల్లటేపు. వాళ్ల పటమట పోర్షన్‌లోదే. ఆమెతోపాటు సముద్రంలో మునిగిందనుకున్నాడు.

"పదిహేను వందలు మోసేదానికి నాలుగు ఒక లెక్కా," అంది ఆమె. "డ్యూటీకి కెటిలెందుకని శ్రీచరణ్ నవ్వాడు."

"నువ్వు రోజూ ఆపి ఆపి పెడుతున్నది అలవాటనుకున్నా."

"వాళ్ల ఇళ్లలో పోయే ఫ్యూజులెక్కడివి జయా, అలవాటుండటానికి? నా రేడియో వాళ్లకి దొరికిపోయింది. ఎవరితోనూ మాట్లాడే దారి లేదు. ఏ ఇల్లు మారినా ఈ కెటిల్ తీసుకెళ్లా. మనవాళ్లెవరో ఒకరు మీటర్ చూస్తారు, నీకు చెప్తారు, నీకు తెలిసిపోతుందని. పదహారు నెలలు, రోజూ ఐదున్నరకి నిన్నే లేపాను. ఎవరైనా చూస్తున్నారో లేదో నిన్న నువ్వొచ్చేదాకా నాకు తెలియదు."

ఆ పదహారు నెలలూ జయపాల్ ఐదున్నరకి మెలకువగానే ఉన్నాడు. మెలకువొచ్చి, ఇల్లు నిశ్శబ్దంగా ఉందని మళ్లీ పడుకునేవాడు.

"టీ చేతికివ్వడం నాదే తప్పు," అంది ఆమె. "నిన్ను చూసి మర్చిపోయా."

"నేను తాగకుండా ఉండాల్సింది."

"తాగకపోతే ఊరుకునేదాన్నా."

ఆరూ యాభై ఆరు. కెటిల్ ప్లగ్గు పిన్నులకి రెండు క్లిప్పులు తగిలించాడు. ఆ క్లిప్పుల రెండో కొసలు డబ్బా పిన్నుల దగ్గరికి తెచ్చాడు. కుడిచేతిలో కటింగ్ ప్లయర్.

"కెటిల్ స్విచ్ కిందకి నొక్కావా? లేకపోతే కరెంటుకి దారుండదు," అంది వెనకనుంచి. గొంతు బాగా తగ్గిపోయింది.

నొక్కాడు. టక్కుమంది.

ఆ శబ్దానికి ఆమె నవ్వినట్టు వినిపించింది. అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే చెయ్యి వణుకుతుంది.

"నేను తగిలించి, వెంటనే కత్తిరిస్తా. నువ్వు ఊఁ అను, మొదలుపెడతా. లెక్క ఇంకోసారి చెప్తున్నా, సరిచూడు. పన్నెండు వోల్టులు. పాయింట్ మూడు మూడు నాలుగు. ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది ఓమ్‌లు."

"ఊఁ."

"వాట్లు నాలుగు."

జవాబు రాలేదు.

"కృపా, వాట్లు నాలుగు. సరేనా?"

ఆరూ యాభై ఏడు. ప్యానెళ్లు సన్నగా రొద పెడుతున్నాయి. జయపాల్ క్లిప్పులు తగిలించి, తీగ కత్తిరించాడు. పచ్చలైటు ఒకసారి మినుకుమంది. తర్వాత నిలకడగా వెలిగింది.

ఒక చంకలో డబ్బా, ఇంకో చేత్తో కెటిల్, మధ్యలో రెండు తీగలు బిగుసుకోకుండా చూసుకుంటూ పరిగెత్తాడు. క్యాంటీన్‌లోంచి బయటికొచ్చినవాళ్లు, కెటిల్ పట్టుకుని ఏడుస్తూ పరిగెత్తే మనిషికి దారిచ్చారు. కూలింగ్ కాలవ గట్టుమీదికి చేరేసరికి ఆరూ యాభై తొమ్మిదీ యాభై సెకన్లు. డబ్బా విసరాలంటే కెటిల్ కూడా విసరాలి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతని చెయ్యి పిడిని వదల్లేదు.

తర్వాత రెండూ విసిరేశాడు.

నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచి గట్టుమీద పడ్డాయి. చీఫ్ సాంబశివరావు తలనుంచి కాళ్లదాకా తడిసిపోయి, చెప్పుల దగ్గర కొట్టుకుంటున్న జెల్ల చేపను చూస్తూ నిలబడ్డాడు. షిఫ్టు సైరన్ మోగింది. ఇబ్రహీంపట్నంలో ఒక్క లైటు కూడా ఆరలేదు.

*

ఆ సాయంకాలమే కృపని పాతిపెట్టారు. సమాధి తవ్వే పని కూడా పెద్దగా లేదు. రాయి ఉంది, పేరు ఉంది, పెట్టె ఉంది. పెట్టెలో చీర తీసి ఆమెకి కప్పారు. తేదీ మాత్రం దిద్దడానికి వీల్లేదన్నాడు చీఫ్. రింగులో ఇంకా దొరకనివాళ్లున్నారు, క్రిస్టినా ఎవరో బయటపడకూడదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కృప తల్లి దానమ్మ అల్లుడి చెయ్యి పట్టుకుని సమాధి దగ్గరికొచ్చింది.

"మట్టి కొత్తగా ఉందేంటి బాబూ?"

"కుంగితే పోయించానత్తయ్యా."

ఆమె మెల్లగా కూర్చుని, కొంగుతో రాయి తుడిచింది. "ఉత్త పెట్టెకి ఇంతింత ఏడుస్తానని మీ మావయ్య ఉంటే నవ్వేవాడు. ఏం చేస్తాం, ఏడవడానికి ఒక చోటుండాలిగా."

జయపాల్ ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇక ఉత్తది కాదత్తయ్యా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పే అధికారం అతనికి లేదు. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఇద్దరూ ఏడ్చారు. ఈసారి అల్లుడే ఎక్కువ ఏడ్చాడని ఆమె గమనించింది గానీ ఏమీ అడగలేదు.

సోమవారం మోటార్ వైండింగ్ షాపు పైగదిలో చీఫ్ మిషన్ రిపోర్టు అతని ముందు పెట్టాడు. టార్గెట్ భద్రం. శత్రువు ఒకడు హతం. నష్టం అన్న గడిలో కృప పేరు లేదు. రెండేళ్ల క్రితమే చనిపోయిన ఏజెంట్‌ని మళ్లీ రాయడానికి రూల్స్ ఒప్పుకోవట. అందులో ఒక్కటే ఉంది: ఎలక్ట్రిక్ కెటిల్, ఒకటి, 1500 వాట్లు.

జయపాల్ పెన్ను అడిగి తీసుకుని, 1500 కొట్టేసి, 1472 అని దిద్ది సంతకం పెట్టాడు.